సముద్రం వైపు తలుపు

నూకాలు నోరు మంచిది కాదని జాలరిపేటలో ఎవర్ని అడిగినా చెబుతారు. ముప్పై ఏళ్ళు పైబడి పూర్ణా మార్కెట్టులో చేపలమ్మిన మనిషి నోరు మంచిదైతే గంపలో చేపలు గంపలోనే కుళ్ళిపోతాయి, అది వేరే సంగతి. చేపను నాలుగుసార్లు తిప్పి, మొప్పలెత్తి చూసి, అరగంట బేరమాడి, చివరికి వద్దని వెళ్ళిపోయేవాళ్ళను ఆవిడ ఊరికే వదిలేది కాదు. "ఎల్లు బాబూ ఎల్లు. సేపని కొనడానికొచ్చినావా, పెళ్ళిసూపులకొచ్చినావా?" అని సందు చివరిదాకా వినబడేలా అడిగేది. అలాంటి నూకాలు పోయిన డిసెంబరు నుంచీ నోరు తగ్గించేసింది. ఒంట్లో బాగోలేదేమోనని మార్కెట్టులో అందరూ అనుకున్నారు. అసలు సంగతి ఆ ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఆవిడ మొగుడు సింహాద్రి ఎన్నో ఏళ్ళ కిందట వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి కొడుకు వాసుకు నాలుగేళ్ళు. వాళ్ళ వీధిలో ముసలివాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఇంటి మగవాడు వేటలో ఉండగా సముద్రం వైపు తలుపు వేయకూడదు, వేస్తే వచ్చేవాడికి ఇల్లు కనబడదు అంటారు. కుర్రకారు నవ్వుతారు, బోట్లలో దారి చూపించే మిషన్లుండగా మీ తలుపెవడిక్కావాలే ముసిల్దానా అని. నూకాలు నవ్వదు. వాసు వేటలో ఉన్నన్ని రోజులూ, జల్లు కొడితే గుమ్మానికి గోనెపట్టా కడుతుంది గానీ తలుపు మాత్రం వేయదు. ఎందుకంటే సింహాద్రి రాని రోజున ఆవిడ వేసింది. పిల్లాడికి జ్వరం, బయట ఈదురుగాలి, జల్లంతా మంచం మీదకి పడుతోంది. ఒక్క గంటే కదా అనుకుని గడియ పెట్టింది. ఆ మాట ముప్పై రెండేళ్ళుగా కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని లోపలే దాచుకుంది.

ఇక కోడలు దేవి. ఇంటరు ఫస్టు క్లాసులో పాసై, డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్ళి చేసుకొచ్చిన పిల్ల. "పిల్లని నాను సదివిత్తాను, సదువు మానిపించీసినారని రేపు నన్ననకూడదు సుమీ" అని పెళ్ళిలోనే వియ్యపురాలితో అన్న నూకాలే, తీరా కాపరానికొచ్చాక మళ్ళీ చదువు మాట ఎత్తలేదు. మనవరాలు శ్రీసత్య పుట్టింది, ఆ పిల్ల బడికెళ్ళే వయసొచ్చింది, దేవి రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. ఏడేళ్ళు ఆ పని చేసేసరికి దేవి వేళ్ళ కొసల చర్మం నానిపోయి తెల్లగా ఊడొస్తోంది, గోళ్ళ చుట్టూ పుళ్ళు. అన్నం కలుపుకుంటే కారం తగిలి మండుతుందని చెంచాతో తినేది.

ఫ్యాక్టరీ ఆఫీసులో గురునాథరావనే పెద్దాయన ఉన్నాడు. దేవి చేతిరాత, లెక్క చూసి ముచ్చటపడి, "అమ్మాయీ, ఇంకో మూడేళ్ళకి రికార్డు గదిలో కుర్చీ ఒకటి ఖాళీ అవుతుంది. డిగ్రీ ఉంటే అది నీకే. ఆ ఏడాది జనవరిలోపు పాసైనట్టు కాగితం తెచ్చుకో" అన్నాడు. మూడేళ్ళ ముందే చెప్పాడు పాపం. కుర్చీలో కూర్చుని చేసే పని. చేతులు తడవని పని. దేవి ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, ఇంట్లోంచే చదువుకునే డిగ్రీ ఒకటుందని, ఫోనులోనే పాఠాలనీ, ఉద్యోగం మానక్కర్లేదనీ చెప్పింది.

నూకాలుకు ముందు నవ్వొచ్చింది. "కాలేజీకెల్లకుండా కాలేజీ సదువేటే? నీల్లలో దిగకుండా ఈత నేర్సుకున్నట్టు?" అంది. కానీ చూడగా చూడగా ఆవిడకే నచ్చింది. పిల్ల బస్సెక్కి పోనక్కర్లేదు. డ్యూటీ పోదు. ఒకపక్క పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే ఒకపక్క పాఠం నడుస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి ఆ మాస్టారి చేత మళ్ళీ చెప్పించుకోవచ్చు, విసుక్కోడు. "మా కాలంలో ఇదుంటే నానూ సదివేద్దును" అని చిట్టెమ్మతో గొప్పలు పోయేది. చిట్టెమ్మంటే పక్కింటావిడ.

నూకాలు కూడా నెత్తళ్ళ చేపలు బాగుచేసుకుంటూ పాఠాలు వినేది. ఒకరోజు మాస్టారు, సరుకు ఎక్కువొస్తే ధర పడిపోతుందని చెబుతున్నాడు. నూకాలు కత్తిపీట పక్కకి నెట్టి ఫోను మీద పడింది. "ఓరి నాయనా, ఇది నువ్వు సెప్పాలా? కవల సేపలు ఒడ్డుకి గుట్టలుగా పడిన నాడు రా నాయనా నా కాడికి, నాను సెప్తాను నీకు!" దేవి నవ్వలేక నవ్వలేక గోడకు చేరబడిపోయింది. ఆ ఇంట్లో అలా నవ్విన రోజులు అవే.

లోటు కూడా నూకాలే ముందు పసిగట్టింది. "ఒలే, మీ మాస్టారి పేరేటే?" అని అడిగింది ఒకనాడు.

"తెల్దత్తా. ఒక్కో పాఠానికి ఒక్కొక్కలొత్తారు."

"పోనీ ఆ బాబుకి నీ పేరు తెలుసా?"

"ఏలమంది ఇంటారత్తా. ఎలా తెలుత్తాది?"

"మూడేల్ల సదువు... నీ మొకం ఎరిగినోడు ఒక్కడూ నేడు. ఇదేం కాలేజీయే నా తల్లీ!" అని నూకాలు మూతి విరిచింది. దేవికీ ఆ బెంగ ఉంది. ఏదైనా అర్థంకాక ప్రశ్న రాసి పంపితే, మీ ప్రశ్న అందింది అని మాత్రం వెంటనే జవాబొచ్చేది. అసలు జవాబు తొమ్మిది రోజులకో పది రోజులకో వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. పక్క బల్లమీద కూర్చునే స్నేహితురాలు లేదు. బాగా రాశావని భుజం తట్టే పంతులమ్మ లేదు. అయినా ఆ కుర్చీ కోసం, ఆ తడవని పని కోసం, ఒక్కతే కూర్చుని అయిదు సెమిస్టర్లు గట్టెక్కించింది.

పరీక్షలు కూడా ఇంట్లోనే. సెకండ్ హ్యాండు ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించింది. పరీక్ష మొదలయ్యే ముందు దాన్ని చేత్తో పట్టుకుని గది నాలుగు గోడలూ చూపించాలి, తలుపు వేసి ఉండాలి, గదిలో రెండో మనిషి ఉండకూడదు, మాట వినబడకూడదు. పైనున్న కెమెరా పక్కన పచ్చదీపం వెలుగుతుంది. వెలిగిందంటే అవతల చూస్తున్నారన్నమాట. ఆ ఇంటికి గదులు రెండే. వెనక గదిలో సిగ్నలు రాదు. వచ్చేది ముందు గదిలో, సముద్రం వైపు తలుపున్న గదిలో.

వేసవి పరీక్షలకు చిక్కు లేదు. వేట నిషేధం రోజులు కనక వాసు ఇంట్లోనే ఉండేవాడు, తలుపు వేసినా నూకాలు ఏమీ అనేది కాదు. చలికాలం పరీక్షలు మాత్రం ఫ్యాక్టరీ స్నేహితురాలు హిమబిందు ఇంటికి, పెందుర్తి వెళ్ళి రాసేది. ఈ చలికాలం హిమబిందు పురిటికి పుట్టింటికెళ్ళింది, ఇల్లు తాళం. అదృష్టం కొద్దీ బోటు ఇంజను రిపేరుకొచ్చి వాసు ఒడ్డునే ఉండడంతో నాలుగు పేపర్లు ఇంట్లోనే అయిపోయాయి. ఆఖరి పేపరు ఇంకో వారం ఉందనగా ఇంజను బాగైంది, బోటు బయల్దేరింది.

దేవి అత్తను అడగలేదు. అడగకుండా మూడు రోజులు తిరిగింది. నూకాలు కూడా తెలియనట్టే తిరిగింది. నాలుగో రోజు సాయంత్రం దేవి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఒక వేలి కొస చర్మం నూనెతోబాటు ఊడి రెండో చేతికి అంటుకుంది. ఆ పిల్ల దాన్ని దులుపుకుని మళ్ళీ రాసుకుంటోంది, ఏమీ జరగనట్టు. నూకాలు చూడలేకపోయింది.

"ఎంతసేపే ఆ పరీచ్చ?"

"మూడు గంటలత్తా."

"ఏత్తానులే తలుపు."

దేవి తలెత్తింది. "నాను ఏసుకుంటానత్తా."

"నువ్వెయ్యకు" అంది నూకాలు గట్టిగా. "నానేత్తాను. ఏదొచ్చినా నా సేతికొత్తాది." ఆ మాటతో లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. దేవి నూనె చేతులతో అలాగే కూర్చుని ఏడ్చింది.

పరీక్ష రోజున నూకాలు మార్కెట్టుకు వెళ్ళలేదు. శ్రీసత్యను బడికి పంపి, పది గంటలకు సముద్రం వైపు ఒకసారి చూసి, దణ్ణం పెట్టుకుని, బయటినుంచి తలుపు దగ్గరికి లాగింది. లోపలి గడియ ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది, వాసు ఇంట్లో ఉన్నప్పుడు ఊరికే దగ్గరికి వేస్తే సరిపోయేది, గడియ అవసరం ఎవరికొచ్చింది కనక? బయటి గొళ్ళెం పెట్టి మెట్టు మీద కూర్చుంది, వీపు తలుపుకి ఆనించి.

ఇక వీధి నోరు మూయించడం మొదలుపెట్టింది. కూరల బండివాడి మైకు ఆపించింది. కుక్కను తరిమింది. చిట్టెమ్మ ఇంట్లో కుక్కరు కూత పెట్టబోతే పరుగెత్తి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. "మా కోడలు డిగ్రీ రాత్తంది. మూడు గంటలు మీ నోల్లకి తాలాలేసుకోండి" అని నలుగురికీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ గంటన్నర నూకాలు బతుకులో గొప్ప గంటన్నర అని చెప్పాలి.

పదకొండున్నరకి చిట్టెమ్మ హార్బరు నుంచి వచ్చింది. గాలి తిరిగింది, తూర్పు గాలి. వాయుగుండం ఉందని నిన్నటినుంచీ ఫోన్లలో చెబుతున్నారు, బోట్లు వెనక్కి వచ్చేస్తున్నాయి.

"వొదినా, ఎల్లిన మూడింట్లో రెండు బోట్లొచ్చీసినాయి" అంది చిట్టెమ్మ గొంతు తగ్గించి. "మనోల్లదే కనబల్లేదంట. నిన్న సందాల్నుంచీ వైర్లెస్సుకి పలకట్లేదంట."

నూకాలుకు ఒక్కటే తెలుస్తోంది, వీపుకి ఆనుకున్న తలుపు మూసి ఉందని. తన చేత్తోనే, రెండోసారి. అరగంట పైన అలాగే లేస్తూ కూర్చుంటూ గడిపింది. సముద్రం వైపు చూసింది, మబ్బు తప్ప ఏమీ లేదు. లోపల కోడలు టకటకా రాస్తున్న చప్పుడు. ఇంకెంతసేపుందని చిట్టెమ్మనడిగితే, ఒంటిగంటకు ఇంకా యాభై నిమిషాలుందని చెప్పింది. యాభై నిమిషాలు. ఆ రోజున సింహాద్రికి గంటే పట్టింది.

పూర్తిగా తీయాలని ఆవిడ అనుకోలేదు, అది మాత్రం నిజం. గొళ్ళెం తీసి, వేలెడు సందు ఉంచుదామనుకుంది. వేలెడు సందులోంచి వాసుకి ఇల్లు కనబడదా? పిల్లకి తెలియను కూడా తెలియదు అనుకుంది. గొళ్ళెం తీసీ తియ్యగానే తూర్పు గాలి తలుపు లాక్కుని ఫెడీమని గోడకేసి కొట్టింది.

దేవి ఉలిక్కిపడి చూసింది. తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో, పట్టుకోవాలంటే గదిలోకి అడుగుపెట్టాలి. నూకాలు కెమెరా కంటికి అందకుండా ఉందామని నడుం వంచి, దాదాపు పాకుతూ లోపలికి వచ్చింది. "ఏం నేదే తల్లీ, నువ్వు రాసుకో, రాసుకో" అని గుసగుసగా చెప్పి తలుపు రెక్క పట్టుకుంది. ఆవిడ కంటికి ముందు కనబడింది ఆ పచ్చదీపం. అది ఆవిడనే చూస్తోంది.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. గదిలో రెండో మనిషి ఉన్నారు, మాటలు వినబడ్డాయి, పరీక్ష నిలిపివేశాం. తరవాత తెర నల్లబడింది, పచ్చదీపం ఆరిపోయింది.

దేవి అరవలేదు. అరిచినా బాగుండేది. అవే మీటలు మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఫోను తీసి ఏదో నంబరుకు చేస్తే మిషను గొంతు, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి మొదటికే తెచ్చింది. ఏం జరిగిందో ఉత్తరం రాసి పంపింది. మీ విన్నపం అందింది అని ఆ క్షణమే జవాబొచ్చింది. నూకాలు తలుపు పట్టుకుని నిలబడే ఉంది.

నాలుగు గంటలకు వాసు బోటు వచ్చింది. వైర్లెస్సు చెడిపోయిందట, అంతే. నూకాలు కొడుకుని పట్టుకుని వీధంతా వినబడేలా ఏడ్చింది. "నాను తలుపు తీసీసినాన్రా అయ్యా" అని తప్ప ఇంకో మాట రాలేదు. సంగతంతా విన్నాక వాసు చేపలు దించడానికి కూడా వెళ్ళకుండా కూలబడిపోయాడు. దేవి మాత్రం వాసుకి నీళ్ళు తోడింది, అన్నం పెట్టింది. "మీ అబ్బాయొచ్చీసినాడు కదత్తా. ఏడవకు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లేదు గనకే నూకాలుకు గుండెల్లో దిగబడింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. తలుపు తీశాను గనకే వచ్చాడేమో అని ఆవిడ మనసులో ఒక మూల అనిపిస్తూనే ఉంది. తప్పు చేశానని లెంపలు వేసుకోబోతే ఆ మూల చెయ్యి పట్టుకుంటుంది. కోడలి చదువు నాశనం చేసిందీ ఆ చెయ్యే, కొడుకుని ఇంటికి తెచ్చిందీ ఆ చెయ్యేనా? ఇది ఎవరినడగాలి? మింగలేక కక్కలేక ఆవిడ నోరు అప్పటినుంచే తగ్గింది.

పది రోజులకు తీర్పు వచ్చింది. రెండో మనిషి సాయం తీసుకున్నట్టు లెక్కగట్టి, రాసిన అయిదు పేపర్లూ కొట్టేశారు. ఏడాది వరకు పరీక్ష రాయడానికి వీల్లేదు. గురునాథరావు మంచివాడే, రెండు వారాలు ఆగి చూశాడు, ఆ పైన ఆయన చేతిలో ఏముంది? జనవరి ఆఖర్లో ఆ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంది. దేవి ఐసు నీళ్ళ బల్ల దగ్గరే ఉండిపోయింది.

"మీ కాలేజీ ఏ ఊర్లో ఉందే?" అని నూకాలు రోజూ అడిగేది. "ఎంత దూరమైనా పర్నేదు, రైలెక్కుదాం. మంచి వంజరం సేప ఒకటి ఐసులో ఎట్టి పట్టుకెల్దాం. నాను ఆ బాబు కాల్లట్టుకుంటాను. తప్పు నాదీ, ముసిల్దాన్ని, పిల్లకేటీ తెల్దు బాబూ అని సెప్తాను. మడిసైనోడు ఇనడేటి?"

"ఎవల కాల్లు అట్టుకుంటావత్తా? అక్కడ ఎవలూ నేరు" అంది దేవి ఒకరోజు విసిగిపోయి. "నన్ను సూసింది మడిసో మిషనో నాకే తెల్దు."

కాలేజీ అన్నాక గుమ్మం ఉండాలి, గుమ్మం ముందు నిలబడడానికి చోటుండాలి, బయటికొచ్చి ఏమ్మా ఎందుకేడుస్తున్నావ్ అనే మనిషి ఒక్కడైనా ఉండాలి. ఇంట్లోకే వచ్చిన కాలేజీకి అవేవీ లేవని నూకాలుకు అప్పుడు తెలిసింది. వీధిలో బతిమాలి, అరిచి, కాళ్ళావేళ్ళా పడి బతుకంతా నెట్టుకొచ్చిన మనిషికి, అడుక్కోడానికే చోటు లేని తప్పు ఇదొక్కటే.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. వాసు మళ్ళీ వేటకెళ్ళాడు. దేవి డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నూకాలు తలంటుకుని, నూకాలమ్మ పండగకి కొన్న పసుపు చీర కట్టుకుని, బొట్టు లేని నుదుట విభూతి పెట్టుకుని, స్టూలు మీద ల్యాప్‌టాప్ తెరిచి దాని ముందు నేల మీద కూర్చుంది. రెండు చేతులూ జోడించి ఉన్నాయి.

"బాబూ, నా పేరు నూకాలు. దేవి అత్తని" అంటోంది నల్లటి తెరతో. "ఆ రోజు మీకు కనబడిన రెండో మడిసిని నానే. నాకు ఓనమాలు కూడా రావు బాబూ, నానేటి సాయం సేత్తాను? నా మొగుడు ఏటకెల్లిన నాడు నాను తలుపేసీసినాను బాబూ. ఆడు రానేదు. ఈ మాట ఎవలికీ సెప్పనేదు, మీకు సెప్తన్నాను. అందుకే తీసినాను. పిల్లకి ఏటీ తెల్దు. శిచ్చ నాకెయ్యండి."

దేవి చేతిలో సంచీ జారిపోయింది. నూకాలు వెనక్కి తిరిగి చూసింది, కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నారంటావా?" అని అడిగింది నూకాలు.

"ఇన్నారత్తా" అంది దేవి.

పచ్చదీపం వెలగలేదని నూకాలు చూస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళు బేరమాడిన మనిషికి ఎదుటివాళ్ళ అబద్ధం తెలియకుండా ఉంటుందా? అయినా తలూపింది. గోడ పట్టుకుని లేచి, సముద్రం వైపు తలుపు దగ్గరకెళ్ళి, రెక్క మీద చెయ్యి వేసింది.

"ఎయ్యనా? సదూకుంటావా?"

"తీసే ఉంచత్తా. మీ అబ్బాయి ఏటలో ఉన్నాడు" అంది దేవి. తడికి ఉబ్బిన వేళ్ళతో ల్యాప్‌టాప్ మూసేసింది. "ఇంక మూసే పనేటుంది మనకి?"